కణాంతరమా, కణబాహ్యమా?

సందేహం: శరీరధర్మశాస్త్ర పాఠం ఒకటి తెలుగులో రాస్తున్నాను. ఎలుక డయాఫ్రమ్ కండరాన్ని కోసి బయటికి తీసి, అందులో కణాల వెలుపల ఉన్న ద్రవం ఎంతో కొలిచే పద్ధతిని వివరించాలి. ‘ఏకాంత కణజాలంలోని కణాంతర ద్రవ స్థలాన్ని ఇన్యులిన్‌తో కొలుస్తారు’ అని రాశాను. ‘కణాంతర’ అంటే కణం లోపల అని ఒక మిత్రుడు, కణాల నడుమ అని మరొక మిత్రుడు అర్థం చెప్పారు. ఏది సరి? తక్కిన మాటలు సరిపోతాయా?

సమాధానం: మీ మిత్రులలో ఎవరినీ తప్పుపట్టలేము. సంస్కృతంలో ‘అంతర్’ అనే అవ్యయం వేరు, ‘అంతర’ అనే శబ్దం వేరు. అంతర్గతం, అంతర్ముఖం, అంతఃపురం వంటి మాటల్లో ఉన్నది మొదటిది, దానికి లోపల అని అర్థం. రెండవదానికి నడుమ, ఎడం, వేరొకటి అనే అర్థాలున్నాయి. గ్రామాంతరం వేరే ఊరు, భాషాంతరం వేరే భాష. ఇంతటితో ఆగితే ‘కణాంతర’ అంటే కణాల నడుమ అని తీర్పు చెప్పేయవచ్చు. వృక్షశాస్త్ర పాఠాల్లోని ‘కణాంతరావకాశాలు’ అనే మాట ఆ అర్థంలోనే స్థిరపడింది. కాని ‘వనాంతరం’ అన్నప్పుడు మనం అడవి లోపలి భాగాన్నే తలుచుకుంటాము. శబ్దానికే ఆ అర్థమూ ఉన్నప్పుడు, లోపలికీ వెలుపలికీ తేడా చెప్పడమే ప్రాణమైన పాఠంలో దానిని వాడకపోవడం మేలు. లోపలిదానికి ‘కణాంతర్గత’, వెలుపలిదానికి ‘కణబాహ్య’ అని రాయండి. పైగా, కోసి తీసిన కండరంలో కణాల నడుమ ఉన్న ద్రవమే కాక సన్నని రక్తనాళాల్లో మిగిలినది కూడా ఈ కొలతలోకి వస్తుంది కాబట్టి, ‘నడుమ’ అన్న అర్థం కూడా ఇక్కడ చాలదు.

‘స్థలం’ విషయంలో నా అభ్యంతరం ఇంకా పెద్దది. ఆ మాట వినగానే చదువరి ఒక చోటును ఊహిస్తాడు. ఇక్కడ ఉన్నది చోటు కాదు, లెక్క. ఇన్యులిన్ ఫ్రక్టోజ్ అణువుల గొలుసు, అణుభారం సుమారు 5000, కణత్వచాన్ని దాటి లోపలికి పోదు. రేడియోధార్మిక కార్బన్-14తో గుర్తుపెట్టిన ఇన్యులిన్‌ను లవణ ద్రావణంలో కలిపి, కండరపు ముక్కను అందులో వేసి, ముక్కలో ఇన్యులిన్ పెరగడం ఆగేదాకా ఉంచి, తీసి, వడపోత కాగితంపై అద్ది, తూచి, దానిలో చేరిన ఇన్యులిన్‌ను కొలుస్తారు. (ఇక్కడ ‘అద్దడం’ అనే క్రియే రాయాలి. ‘ఒత్తడం’ అని రాస్తే చదివి చేసేవాడు లోపలి ద్రవాన్ని కూడా కాగితంలోకి పిండేస్తాడు. అసలు అద్దకపోతే పైన అంటిన తడి కూడా లెక్కలో కలుస్తుంది.) రేడియోధార్మికతను కొలిచే పరికరంలో 1 మి.లీ. ద్రావణం 10,000 అంకె చూపి, 1 గ్రాము కండరం 2,500 చూపితే, గ్రాముకు 0.25 మి.లీ. అన్నమాట. ఇన్యులిన్‌కు బదులు అంతకన్నా చిన్న అణువైన సుక్రోజ్‌ను వాడితే సాధారణంగా అంకె పెరుగుతుంది. ఒకే కండరంలో రెండు ‘స్థలాలు’ ఎలా ఉంటాయని విద్యార్థి తికమకపడతాడు. ‘ఇన్యులిన్ వ్యాప్తి పరిమాణం’, ‘సుక్రోజ్ వ్యాప్తి పరిమాణం’ అంటే ఆ చిక్కు రాదు. ‘అవకాశం’ అనే మాటకు చోటు అనే అర్థం ఉన్నా, ఒంటరిగా వాడితే నేటి తెలుగులో వీలు అనే స్ఫురిస్తుంది గనుక అదీ వద్దు.

ఏకాంతం మనుషులు కోరుకునేది. కణజాలానికి ‘వేరుచేసిన’ అంటే చాలు.

అచ్చుకు ఇచ్చేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. ‘ఇన్యులిన్’ను పొరపాటనుకొని ‘ఇన్సులిన్’గా దిద్దేవారున్నారు. మొదటిది ఇన్యులా అనే మొక్క పేరు నుంచి వచ్చింది, రెండవది ద్వీపం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి. ఈ కండరం మీదనే ఇన్సులిన్ ప్రభావాన్ని పరీక్షించే ప్రయోగాలూ ఉన్నాయి కనుక, ఆ తప్పు దొర్లితే పట్టుకోవడం కష్టం.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోండి: ‘వేరుచేసిన కణజాలంలో కణబాహ్య ద్రవ పరిమాణాన్ని, ఇన్యులిన్ వ్యాప్తి ఆధారంగా లెక్కకడతారు.’