ఒక్క గురువుకు బహువచనమా?

ప్రశ్న: ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ చేస్తుంటే హనుమంతవాక దగ్గర మజ్జిగ పంచుతున్నచోట ఒక ఫ్లెక్సీ కనిపించింది. ఒకే ఒక్క స్వామీజీ ఫొటో. పైన ‘శ్రీ గురుభ్యోన్నమః’, పక్కన ‘గురుర్సాక్షాత్’ అంటూ శ్లోకం, అడుగున ‘మా పరమగురువులకు పాదాభివందనం’. ఉన్నది ఒక్కరే కదా, ‘గురవే నమః’ అని ఉండాలంది మా తోడికోడలు. మర్యాద కోసం బహువచనం వాడారన్నాను నేను. ఎవరి మాట ఒప్పు?
– ఒక పాఠకురాలు, ఇసుకతోట, విశాఖపట్నం

జవాబు: 32 కిలోమీటర్లు నడుస్తూ కూడా విభక్తుల గురించి వాదించుకున్న తోడికోడళ్లిద్దరికీ ముందుగా నా నమస్కారం. మీ ఇద్దరి మాటా ఒప్పే. తప్పంటూ ఉంటే అది ఫ్లెక్సీది. అదీ మీరు పట్టుకున్నచోట కాదు.

సంస్కృతంలో ‘నమః’ పక్కన చతుర్థీ విభక్తి రావాలి. ‘గురు’ శబ్దానికి చతుర్థి ఏకవచనంలో ‘గురవే’, ద్వివచనంలో ‘గురుభ్యామ్’, బహువచనంలో ‘గురుభ్యః’. ‘తస్మై శ్రీగురవే నమః’ అన్నప్పుడు ఒక్కరికి మొక్కుతున్నాం. దక్షిణామూర్తిని ‘గురవే సర్వలోకానాం’ అనడమూ అంతే. కాబట్టి మీ తోడికోడలిది వ్యాకరణం తెలిసిన మాట.

మరి వేదపాఠం మొదలుపెట్టే ముందు ‘శ్రీ గురుభ్యో నమః’ అని బహువచనంలోనే ఎందుకు అంటారు? ఒక కారణం మీరు చెప్పిన మర్యాదే. ‘గురువుగారు వచ్చాడు’ అని మనం అనం కదా. సంస్కృతంలోనూ పూజ్యులను బహువచనంలో చెప్పే అలవాటుంది. రెండో కారణం నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. మన సంప్రదాయంలో గురువు సొంత సరుకు అమ్ముకునేవాడు కాడు. తన గురువు చెవిలో పడేసిన మంత్రాన్ని శిష్యుడి చెవిలో వేస్తాడు. ఆయనకు దణ్ణం పెడితే ఆ వెనకున్న వరుసంతటికీ పెట్టినట్టే. ‘అస్మదాచార్య పర్యంతాం వందే గురుపరంపరాం’ అనే శ్లోకం చూడండి. స్మార్తులు ఆ వరుసను సదాశివుడితో ఎత్తుకుంటారు, వైష్ణవులు లక్ష్మీనాథుడితో. ఇద్దరూ వచ్చి ఆగేది ‘మా ఆచార్యుడి’ దగ్గరే.

మీరు ప్రదక్షిణ చేసింది వైష్ణవ క్షేత్రానికి కనుక అక్కడి సాక్ష్యమే చెబుతాను. శ్రీవైష్ణవులు రోజూ అనుసంధించే గురుపరంపర వాక్యాలు ‘అస్మద్గురుభ్యో నమః, అస్మత్పరమగురుభ్యో నమః, అస్మత్సర్వగురుభ్యో నమః’ అని మొదలై, వెంటనే ‘శ్రీమతే రామానుజాయ నమః’ అంటాయి. సొంత గురువుకు బహువచనం, అంతటి రామానుజులకు ఏకవచనం! రామానుజులకు మర్యాద తగ్గిందనా? కాదు. పేరు పెట్టి పిలిచినప్పుడు రామాయ, శివాయ అన్నట్టే ఏకవచనం సహజంగా వచ్చేస్తుంది. పేరు ఎత్తకుండా ‘మా గురువులు’ అన్నప్పుడు బహువచనం పలుకుతుంది. ‘సర్వగురుభ్యః’ దగ్గర మాత్రం అది అసలు సిసలు బహువచనం, అందరూ వస్తారు.

ఈ వాక్యాలే ఫ్లెక్సీలోని ‘పరమగురువు’ సంగతీ తేలుస్తాయి. పరమగురువంటే అందరికన్నా గొప్ప గురువు కాదు, గురువుకు గురువు. ఆయనకూ గురువు పరమేష్ఠిగురువు. తాత, ముత్తాతల వంటి వరుస పేర్లివి. ఫొటోలోని స్వామివారి శిష్యుల శిష్యులు ఆ ఫ్లెక్సీ కట్టి ఉంటే మాట సరిపోయింది. నేరుగా ఆయన శిష్యులే కట్టి ఉంటే, నాన్నను పట్టుకుని తాతా అన్నట్టయింది. ఇంత చెప్పినా పత్రికల్లో ‘పరమ’ను గొప్పకే వాడుతున్నారు, ఇక ఆగేలా లేదు.

ఇక అసలు తప్పులు. ‘గురుభ్యోన్నమః’లో రెండో నకారం ఎక్కడిది? గురుభ్యః + నమః అన్నప్పుడు విసర్గ ఓకారమవుతుంది, అంతే. తపః + నిధి తపోనిధి, మనః + నిగ్రహం మనోనిగ్రహం. తపోన్నిధి అని ఎవరూ రాయరు. ‘గణాధిపతయేన్నమః’ అనీ రాయరు. ఒక్క గురువు దగ్గరే ఎందుకు జారుతున్నారంటే, నా ఊహ ఇది: ‘ఓం నమః’ అన్నప్పుడు సున్న పక్కనున్న నకారంలో కలిసి ‘ఓన్నమః’ అని పలకడం సరైనదే. ఓనమాలనాటి నుంచీ చెవిలో ఉన్న ఆ ‘ఓన్న’ను ‘భ్యో’ తర్వాత కూడా తగిలిస్తున్నారు. ఛందస్సు లెక్కలో ‘భ్యో’ దీర్ఘం కాబట్టి అది ముందే గురువు. ఇంకో నకారం మోపి దాన్ని బరువెక్కించాల్సిన పని లేదు, తేడా చెవికి తెలియకపోవడానికీ అదే కారణం.

‘గురుర్సాక్షాత్’ మరీ పాకిపోయింది. పాఠశాల గోడల మీదా చూశాను. గురుర్బ్రహ్మా, గురుర్విష్ణుః, గురుర్దేవో అని మూడుసార్లు రేఫ పలికిన నోరు నాలుగోసారి ఆగదు. కానీ విసర్గ ‘ర్’ కావాలంటే తర్వాతి అక్షరం బ, వ, ద వంటిదై ఉండాలి, సకారం ముందు కాదు. నిర్దోషి అంటాం, నిర్సందేహం అంటామా? నిస్సందేహం అంటాం. అలాగే గురుస్సాక్షాత్, లేదా విసర్గ ఉంచి గురుః సాక్షాత్.

ఉత్తరం చివర మీరు గురుపూర్ణిమ అనాలా, గురుపౌర్ణమి అనాలా అని కూడా అడిగారు. తెలుగులో రెండూ వాడుకలో ఉన్నాయి, ఏదైనా రాయండి. వ్యాసపూర్ణిమ అన్నా ఆ రోజే. అన్నట్టు, ఆనాడు చాతుర్మాస్యం పట్టే సన్న్యాసులు చేసే వ్యాసపూజలోనూ గురువు ఒక్కరు ఉండరు. కృష్ణపంచకం, వ్యాసపంచకం, శంకరపంచకం అంటూ ఐదేసిమందిని ఆవాహన చేస్తారు. ఈ లెక్కన మీ వాదానికి ఒక పిసరు మొగ్గు ఎక్కువ. ఈ మాట మీ తోడికోడలికి మీరే చెప్పుకోండి, నా పేరు మాత్రం తీయకండి.