పాఠకుల ప్రశ్నలు: కౌంటరుకు అటూ ఇటూ

ప్రశ్న: మేము చాలాకాలంగా అమెరికాలో ఉంటున్నాం. మా అమ్మాయి పదకొండో తరగతి. అమెరికా నల్లజాతి రచయిత్రి టోనీ మారిసన్ రాసిన ‘ది బ్లూయెస్ట్ ఐ’ నవల చదివి, అందులోని జాతి వివక్షను ఈనాటి అనుభవం ఒకదానితో కలిపి వ్యాసం రాయమని బడిలో చెప్పారు. మా అమ్మాయి తన నల్లజాతి స్నేహితురాలితో కలిసి ఒక దుకాణానికి వెళ్లింది. బయటికి వస్తుంటే కాపలా మనిషి ఆ పిల్ల సంచి ఒక్కటే తెరిపించాడట. ఇద్దరి దగ్గరా సంచులున్నాయి. మా అమ్మాయి పక్కనే నిలబడి ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు ఆ సంగతే రాస్తానంటోంది. “అది నీకు జరిగింది కాదు కదా, మనకు జరిగినదేదైనా రాయి” అన్నాను. నేను చెప్పింది సబబేనా?
– ఒక తల్లి, డాలస్

జవాబు: అమ్మా, ఆ పిల్లను అదే రాయనివ్వండి. ఆ నవలకు అంతకంటే దగ్గరి అనుభవం మరొకటి దొరకదు.

1970లో వచ్చిన ఆ నవల ఒహాయో రాష్ట్రంలోని లొరైన్ అనే ఊళ్లో, 1940–41 ప్రాంతంలో జరుగుతుంది. మారిసన్ పుట్టిన ఊరు కూడా అదే. పెకోలా అనే పదకొండేళ్ల నల్లజాతి పిల్ల తనకు నీలికళ్లు కావాలని దేవుణ్ణి వేడుకుంటుంది. కళ్లు మారితే తనను చూసే చూపులూ, ఇంట్లో కొట్లాటలూ మారిపోతాయని ఆమె నమ్మకం. ఒకరోజు మూడు పెన్నీలు పట్టుకుని మిఠాయి బిళ్లలు కొనుక్కోవడానికి కొట్టుకు వెళుతుంది. కొట్టు యజమాని యాకబౌస్కీ ఆమె వైపు తల తిప్పుతాడు కానీ, అతని చూపు ఆమె మీద ఆగదు. అక్కడ చూడవలసిన మనిషి ఒకరున్నట్టే అతనికి తోచదు. డబ్బు తీసుకోవాలంటే ఆమె చెయ్యి తగులుతుందేమోనని సంకోచిస్తాడు. తిట్టడు, కొట్టడు, గెంటెయ్యడు. మూడు పెన్నీలకు తొమ్మిది బిళ్లలు లెక్క ప్రకారం ఇచ్చేస్తాడు. పిల్ల మాత్రం సిగ్గుతో కుంచించుకుపోయి బయటికి వస్తుంది.

డిగ్రీ కళాశాలలో ఈ నవల పాఠం చెప్పిన ప్రతిసారీ ఆ పేజీ దగ్గర ఆగి ఒక విషయం మళ్లీ చదివించేదాన్ని. ఆ కొట్టు యజమాని వేరే దేశం నుంచి వలస వచ్చినవాడు. మారిసన్ ఆ సంగతి ఊరికే చెప్పలేదు. తానూ బయటి నుంచి వచ్చినవాడే, కానీ ఆ దేశంలో ఎవరిని చూడాలో, ఎవరిని చూడనక్కర లేదో అప్పటికే నేర్చేసుకున్నాడు.

మీ అమ్మాయి కథ నాకు అక్కడే కనిపిస్తోంది. “మనకు జరిగినది” అన్నారు మీరు. కాపలా మనిషి మీ అమ్మాయి సంచి తెరిపించకపోవడం కూడా మీ అమ్మాయికి జరిగిన సంగతే. అతని లెక్కలో ఒక పిల్ల దొంగతనం చేయగలది, మరొక పిల్ల చేయనిది. చేయనిదిగా లెక్కకు రావడం వల్ల మీ అమ్మాయి ఆ సాయంత్రం మామూలుగా ఇంటికి వచ్చింది. ఆమె స్నేహితురాలు అలా రాలేదు.

మన భారతీయులకు ఆ దేశంలో ఈ విషయంలో పాత చరిత్రే ఉంది. పంజాబు నుంచి వెళ్లి అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. అప్పటి చట్టం శ్వేతజాతివారికీ, ఆఫ్రికా సంతతివారికీ మాత్రమే పౌరసత్వానికి దారి ఇచ్చేది. ఉన్నత కులానికి చెందిన ఆర్యుణ్ణి కనుక తనను శ్వేతజాతీయుడిగా గుర్తించాలన్నది ఆయన తరఫు వాదన. 1923లో కోర్టు కుదరదంది. వివక్షను ఎదుర్కోవడానికి ఆయనకు దొరికిన ఆయుధం కులం! ఆ తరువాత, 1964లో పౌరహక్కుల చట్టం వచ్చిన మరుసటి ఏడాదే, మనలాంటివారికి తలుపులు తెరిచిన వలస చట్టం వచ్చింది. నల్లజాతివారు వీధుల్లో, జైళ్లలో చేసిన పోరాటం ఆ దేశపు మనసును కదిలించిన కాలమది. డాలస్‌లో మీ ఇంటికి ఆ పోరాటంతో సంబంధం ఉందని మీ అమ్మాయికి తప్పక చెప్పండి.

రాసే పద్ధతి గురించి రెండు మాటలు. ముందుగా స్నేహితురాలిని అడిగి, ఆమె ఒప్పుకుంటేనే రాయాలి. ఆ పిల్ల పేరు పెట్టకూడదు. తరువాత, “జాతి వివక్ష ఇంకా పోలేదు” అనే వాక్యంతో మొదలుపెట్టవద్దనండి. ఆ వాక్యం తరగతిలో అందరూ రాస్తారు. సంచిలోంచి ఏమేం బయటికి తీశారు, స్నేహితురాలు కారెక్కాక ఏమంది, తాను ఎందుకు మాట్లాడలేకపోయింది, అవి రాయాలి. భయమా, మొహమాటమా, తనను కూడా ఆపుతారేమోనన్న ఆలోచనా? నిజంగా ఏది ఉంటే అది. నాటికీ నేటికీ ఉన్న తేడానూ దాచకూడదు. పెకోలా కాలంలో దక్షిణ రాష్ట్రాల్లో వేరు బడులు, వేరు కుళాయిలు చట్టమే పెట్టినవి. ఇప్పుడు చట్టం ఆ పిల్ల పక్షాన ఉంది. అయినా సంచి తెరుచుకుంది. ఎలా అన్నదే వ్యాసం తేల్చవలసిన ప్రశ్న.

నవల మీరూ చదవండి. తండ్రే కూతురిపై చేసే అత్యాచారం అందులో ఉంది. పిల్ల ఒంటరిగా మోయవలసిన పుస్తకం కాదు. మరొకటి, మీ ఇంట్లో “ఎండలో తిరగకు, నల్లబడతావు” అనే మాట వినిపిస్తుంటే ఈ నెల నుంచి ఆపించండి. 1975 నుంచి మన దేశంలో అమ్ముతున్న ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ కూడా 2020లో పేరు మార్చుకుంది. మన నాలుకలు ఇంకా మార్చుకోలేదు.

ప్రశ్న: మా విభాగం సెమినార్‌లో అమెరికా నల్లజాతి బానిసల కథ ‘ఏడుతరాలు’ గురించి మాట్లాడుతూ, మా ఊళ్లో మా నాన్నను అసలు పేరుతో కాకుండా కులం పేరుతో పిలిచే సంగతి చెప్పాను. “జాతి వేరు, కులం వేరు, రెంటినీ కలపడం శాస్త్రీయం కాదు” అని ఒక అధ్యాపకులు ఆపేశారు. కలపకూడదా?
– ఎం.ఏ. విద్యార్థి, గుంటూరు

జవాబు: మిమ్మల్ని ఆపినందుకు నాకు కోపం వచ్చింది. రెండూ ఒకటి కావన్నది నిజమే. ఒంటి రంగు దూరం నుంచే కనబడుతుంది. కులం కనబడదు కనుక ఇంటిపేరు అడుగుతారు, ఏ వీధి అని అడుగుతారు, ఏం తింటారని అడుగుతారు. ఈ అడగడం మీదే మీరొక పత్రం రాయవచ్చు. కానీ తేడా ఉన్నంత మాత్రాన పక్కపక్కన పెట్టి చూడకూడదని ఎవరు చెప్పారు?

జోతిబా ఫూలే 1873లో కులం మీద రాసిన ‘గులాంగిరి’ పుస్తకాన్ని, బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. 1946లో అంబేడ్కర్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. అంటరానివారి స్థితికీ నల్లవారి స్థితికీ ఎంతో పోలిక ఉంది కనుక, రెండోదాన్ని అధ్యయనం చేయడం అవసరమన్నారు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ అనే దళిత యువకుల సంఘం తమ పేరును అమెరికా నల్లజాతి ఉద్యమకారులైన బ్లాక్ పాంథర్ల నుంచి తీసుకుంది. ఈ ముగ్గురి తరువాత మీరు నాలుగోవారు, అంతే.

అలెక్స్ హేలీ ‘రూట్స్’ అమెరికాలో 1976లో వచ్చింది. సహవాసి తెలుగు చేసిన ‘ఏడుతరాలు’ హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తొలి ప్రచురణ. గాంబియాలోని జుఫూరే నుంచి ఎత్తుకొచ్చిన కుంటా కింటేకు యజమాని టోబీ అని పేరు పెడతాడు. తండ్రి అర్థం ఎంచి, ఊరందరి ఎదుట పెట్టిన పేరును ఒక మనిషి మీద నుంచి ఊడబెరకడం అది. మీ నాన్నగారికి ఊరు చేసింది కూడా అదే కదా. మా కళాశాలలో యాకబౌస్కీ పాఠం అయ్యాక ఒక అమ్మాయి ఆగి, తమ ఊరి కిరాణా కొట్లో చిల్లర చేతిలో పెట్టరనీ, కౌంటరు మీద పడేస్తారనీ చెప్పింది. తన అక్క ఇప్పటికీ ఆ కొట్టుకు వెళ్లదట. ఆ అమ్మాయికి నవల గురించి నేను కొత్తగా చెప్పవలసింది ఏమీ మిగల్లేదు.

జాషువా ‘గబ్బిలం’ (1941) కూడా ఈ వరుసలో చేర్చండి. అందులోని అంటరాని కథానాయకుడికి గుడిలోకి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. అందుకే కాశీ విశ్వనాథుడికి తన గోడు దానిచేత పంపుతాడు ఆ కథానాయకుడు. ఇక “కులం మన దేశపు సంగతి” అనేవారికి, 2023లో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించిందని గుర్తు చేయండి. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అది. వలస వెళ్లినవారు సామాన్లతో పాటు కులాన్నీ తీసుకువెళ్లకపోతే ఆ చట్టం అవసరం పడేది కాదు. మీ పత్రం పూర్తి చేసి, పత్రికలకు పంపండి.

ప్రశ్న: పిల్లలకు వర్ణవివక్ష గురించి చెప్పడానికి ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ ఒక్కటి చాలదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: మొదటి పుస్తకంగా మంచిదే, ఒక్కటిగా చాలదు. 1960 నాటి ఆ నవలలో కథ చెప్పేది తెల్లజాతి పాప, మనం ప్రేమించేది ఆమె తండ్రి అయిన వకీలును. చేయని నేరానికి బోనెక్కిన టామ్ రాబిన్సన్ గొంతు మనకు దాదాపు న్యాయస్థానంలోనే వినిపిస్తుంది. తీర్పు వచ్చిన రాత్రి టామ్ ఇంట్లో ఏం జరిగిందో మనం చూడం. పిల్లలతో ఆ రాత్రిని టామ్ భార్య హెలెన్ చెబుతున్నట్టు రెండు పేజీలు రాయించండి. ఆ తరువాత మారిసన్‌ను, జాషువాను చేతికివ్వండి.