యాక్సిలరేటర్ వదిలినా రేస్ దిగకపోతే

చి. రమేష్‌కి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసినా ఆల్టో వెంటనే స్లోకి, అంటే కాలు తీశాక ఇంజిన్ నెమ్మదిగా తిరిగే వేగానికి, రావడం లేదని, సిగ్నల్ దగ్గర ఆగాక కూడా కాసేపు హోరుమంటోందని, మీ వీధి చివరి మెకానిక్ స్క్రూ తిప్పి తగ్గిస్తానన్నాడని రాశావు. ఆ స్క్రూ మాత్రం తిప్పనివ్వకు. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిని తెరిచి మూసే థ్రాటిల్ రెక్క ఎక్కడ ఆగాలో చెప్పే స్టాప్ స్క్రూ అది. కంపెనీలోనే సెట్ చేసి పంపుతారు. దాన్ని కదిపితే అసలు లోపం లోపలే ఉండిపోతుంది, పైగా రేపు బండి సిగ్నల్‌లో ఆగిపోవడం మొదలుపెడుతుంది.

ఒక్క విషయం పట్టుకో. పెట్రోల్ ఇంజిన్ రేస్‌లో ఉందంటే దానికి గాలి అందుతోందనే. నువ్వు కాలు తీశాక కూడా ఆ గాలి ఏ దారిన వస్తోందో వెతకాలి. నీ ఆల్టోలో కంప్యూటర్ మ్యానిఫోల్డ్ (రెక్క దాటాక గాలిని సిలిండర్లకు పంచే గొట్టాలు) ప్రెషర్ చూసి పెట్రోల్ లెక్క కడుతుంది. ఎక్కడో పైపు చిరిగి గాలి దూరినా ప్రెషర్ పెరుగుతుంది కాబట్టి, దానికి సరిపడా పెట్రోల్ కూడా పోసేస్తుంది. అందుకే మిస్సింగ్ లేకుండా నున్నగా తిరుగుతూనే రేస్ మాత్రం దిగదు. "ఇంజిన్ బాగానే ఉంది కదా" అని చాలామంది మోసపోయేది ఇక్కడే.

వెతికే ముందు ఇంకో మాట. రోడ్డు మీద ఎప్పుడైనా రేస్ అస్సలు దిగకుండా పట్టేస్తే కంగారుపడకు. క్లచ్ తొక్కి, బ్రేక్ వేసి, న్యూట్రల్ చేసి పక్కకు తీసుకో. ఇంజిన్ హోరెత్తినా ఫర్వాలేదు, బండి పూర్తిగా ఆగాకే ఇంజిన్ ఆపు. నడుస్తుండగా తాళం పూర్తిగా వెనక్కి తిప్పావంటే స్టీరింగ్ లాక్ పడొచ్చు.

ఇప్పుడు పని. స్లో దిగని సమయంలోనే, బండి న్యూట్రల్‌లో పెట్టి, కాలి బొటనవేలు పెడల్ కింద పెట్టి పైకి లాగు. రేస్ టక్కున పడిపోయిందా, లోపం పెడల్‌లోనో కేబుల్‌లోనో ఉంది. కింద పరిచిన మ్యాట్ ముందుకు జరిగి పెడల్‌కి అడ్డం పడుతోందేమో చూడు. నవ్వుకోకు, ఇది చాలాసార్లు చూసిన సంగతి. మ్యాట్ కాకపోతే బానెట్ ఎత్తి, ఇంజిన్ ఆపేసి, థ్రాటిల్ దగ్గర లివర్‌ని చేత్తో తిప్పి వదులు. స్ప్రింగ్‌తో గట్టిగా వెనక్కి వచ్చి స్క్రూకి తగిలిన చప్పుడు వినిపించాలి. సగంలో బద్ధకంగా వస్తే కేబుల్ విడదీసి మళ్లీ చూడు. అప్పుడు బాగా వస్తే కేబుల్ మార్చేయ్. లోపల తీగలు తెగడం మొదలైన కేబుల్‌కి నూనె పోసి లాభం లేదు. కేబుల్ తీసినా బద్ధకంగానే ఉంటే థ్రాటిల్ బాడీదే తప్పు.

ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే లావు పైపు విప్పి, టార్చి వేసి లోపలికి చూడు. రెక్క అంచు చుట్టూ, అది మూసుకునే చోట, నల్లగా జిగురుగా ఒక వలయం కనిపిస్తుంది. ఇంజిన్ నుంచి వచ్చే నూనె ఆవిరి దుమ్ముతో కలిసి పేరుకున్న మడ్డి అది. రెక్క మూసుకునేటప్పుడు దానికి ఆనుకుని వెంట్రుకవాసి తెరుచుకుని ఉండిపోయినా చాలు, స్లో దిగదు. థ్రాటిల్ క్లీనర్‌ని మెత్తని గుడ్డ మీద కొట్టి తుడువు. నేరుగా పిచికారీ చేస్తే పక్కనున్న సెన్సార్‌లోకి దిగుతుంది. స్క్రూడ్రైవర్‌తో మాత్రం గీకకు.

లివర్ స్క్రూకి తగిలి ఉన్నా రేస్ దిగలేదంటే గాలి వేరే దారిన వస్తోంది. ఆ పైపు విప్పి ఉండగానే ఇంజిన్ స్టార్ట్ చెయ్. రెక్కకు ముందు, గోడలో ఒక చిన్న రంధ్రం ఉంటుంది. స్లోలో కావాల్సిన గాలి దాంట్లోంచే ఐడిల్ వాల్వ్‌కి వెళ్తుంది. చొక్కా చేతులు మడుచుకుని, వేలితో దాన్ని మూసి చూడు. స్లో వెంటనే పడిపోయి ఇంజిన్ ఆగబోయిందంటే ఎక్కువ గాలి ఆ వాల్వ్ నుంచే వస్తోంది. కార్బన్ పట్టి సరిగ్గా మూసుకోవడం లేదన్నమాట, విప్పి శుభ్రం చేయించు. మూసినా రేస్ అలాగే ఉంటే పైపుల్లో లీకు. బ్రేక్ తొక్కడం తేలిక చేసే బూస్టర్‌కి వెళ్లే లావు పైపు, ఇంజిన్ లోపలి ఆవిరిని మళ్లీ గాలి దారిలోకి పంపే పీసీవీ పైపు, మ్యానిఫోల్డ్ ప్యాకింగ్, ఈ మూడూ ముఖ్యం. పైపుల్ని ఒక్కొక్కటే మెల్లగా నొక్కి మూస్తూ వెళ్లు, దేన్ని మూస్తే స్లో దిగిందో లీకు అటువైపే. బూస్టర్ పైపు పోయి ఉంటే బ్రేక్ పెడల్ కూడా గట్టిపడుతుంది, దాన్ని ఒక్క రోజు కూడా వాయిదా వెయ్యకు. ప్యాకింగ్ చుట్టూ పెట్రోల్ కొట్టి చూసేవాళ్లున్నారు, సైలెన్సర్ వేడికి మంటలు అంటుకుంటాయి. సబ్బు నీళ్లు చాలు.

సెకండ్‌హ్యాండ్ బండి కాబట్టి ఇంకోటి కూడా అడుగుతున్నాను. వేడెక్కుతోందని పాత యజమాని థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వెళ్లనివ్వనిది) పీకించేశాడేమో కనుక్కో. మన ఎండలకి అది అక్కర్లేదని చాలామంది తీయించేస్తారు. అప్పుడు ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. వేడెక్కలేదనుకుని కంప్యూటర్ స్లోని పైనే ఉంచుతుంది. వాల్వ్ ఉండాలి, బోరు నీళ్లు కాకుండా కూలెంట్ ఉండాలి. రేడియేటర్ మూత చల్లారాకే తియ్యి.

మీ బావ కొత్త కారులోనూ రేస్ నెమ్మదిగా దిగుతోందన్నావు. దాని జోలికి పోవద్దని చెప్పు. పొగ తగ్గించడానికి ఈ బీఎస్-6 బళ్లలో కంప్యూటరే కావాలని థ్రాటిల్ రెక్కని మెల్లగా మూస్తుంది. ఆ ఎలక్ట్రానిక్ రెక్కని ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా వేలితో నెట్టకూడదు కూడా.

శుభ్రం చేశాక మొదట స్లో ఇంకాస్త ఎక్కువగా అనిపిస్తే భయపడకు. మడ్డి ఉన్నప్పటి లెక్క కంప్యూటర్‌లో ఉండిపోయి ఉంటుంది. బ్యాటరీ మైనస్ వైరు కాసేపు తీసి పెట్టి, తర్వాత ఏసీ ఆపి ఇంజిన్ బాగా వేడెక్కేదాకా స్లోలోనే తిరగనివ్వు. నీ బండికి ఆర్‌పీఎం మీటర్ లేదు కదా, స్కానర్ ఉన్నవాళ్ల దగ్గర చూపించు. వేడెక్కాక 800, 900 మధ్య ఉంటే చాలు. వేలితో మూసినప్పుడు ఏమైందో రాయి, మిగతాది ఫోన్‌లో మాట్లాడుకుందాం. అక్కని అడిగానని చెప్పు.

ఇట్లు,
మావయ్య
ఆటోనగర్, విజయవాడ