ఆ పదిహేను సెకన్ల సంగతి

సికింద్రాబాద్

చిట్టీ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. ప్రాక్టీసులో ఒక్కసారి 52 మీటర్ల లోతు ముట్టుకున్నావు కదా అని, ఫ్రీడైవింగ్ (గాలి సిలిండర్ లేకుండా ఒక్క ఊపిరితో నీటి లోతుకి దిగే ఆట) ఛాంపియన్‌షిప్‌లో మొదటి రోజే 55 రాయిస్తానంటున్నావు. మీ నాన్న "55 అంటే ఎంతరా?" అని అడిగితే, "గచ్చిబౌలిలో పద్ధెనిమిది అంతస్తుల టవర్‌ని ఒక్క ఊపిరితో తలకిందులుగా దిగి, మళ్ళీ ఎక్కడం" అన్నాను. ఆ మాట విన్నప్పటి నుంచి వదిన నాతో మాట్లాడటం లేదు. నీ సంగతి కాస్త జాగ్రత్తగా చూస్తే తప్ప మా ఇద్దరికీ రాజీ కుదరదు.

ముందు ఆ అంకె. 55 వద్దు, 46 రాయించు. ముందు రోజు సాయంత్రం నువ్వు ఇచ్చిన లోతుకే తాడు చివర ప్లేటు దించుతారు. అక్కడ తగిలించిన ట్యాగ్, అంటే చిన్న చీటీ, పైకి తెస్తేనే పూర్తి లెక్క. ఐడా (అంతర్జాతీయ ఫ్రీడైవింగ్ సంఘం) పద్ధతిలో మధ్యలో తిరిగొస్తే పసుపు కార్డు. దిగని ప్రతి మీటరుకూ ఒక పాయింటు, ట్యాగ్ తేనందుకు ఇంకొకటి కోస్తారు. 55 రాయించి 45 దగ్గర తిరిగావనుకో, నీకు మిగిలేది 34. 46 రాయించి తీసుకొస్తే 46. కూరగాయల బేరంలో ఇంతకన్నా పెద్ద లెక్కలు చేస్తావు, ఇది చేయలేవా?

ఇంకో మాట. రెండు పాదాలకీ కలిపి చేప తోకలా తొడుక్కునే మోనోఫిన్ వాళ్ళు వంద దాటి వెళ్తున్నారనో, న్యూజిలాండ్ డైవర్ విలియం ట్రూబ్రిడ్జ్ 2016లో ఫిన్స్, అంటే ఈత రెక్కలు, లేకుండా 102 మీటర్లు దిగాడనో వాళ్ళతో పోల్చుకోకు. నీకు ముందు ఫ్రీ ఇమ్మర్షన్. బావిలో చేద తాడు లాగినట్టు చేతి మీద చెయ్యి వేసుకుంటూ దిగడమే. కాళ్ళకు పని లేదు కనుక ఆక్సిజన్ ఆదా అవుతుంది, చెవులకు టైమ్ దొరుకుతుంది. బైఫిన్స్, అంటే పాదానికో రెక్క, ఆ తర్వాతి రోజుకి ఉంచుకో.

చెవులన్నాను కదా, మన హైదరాబాదు వాళ్ళకి అసలు గండం అక్కడే. ఊపిరి ఇంట్లో మంచం మీద పడుకుని కూడా పెంచుకోవచ్చు, లోతు మాత్రం ఎక్కడి నుంచి తెస్తాం? పది మీటర్ల దగ్గర ఊపిరితిత్తుల్లో గాలి సగానికి నలుగుతుంది, ముప్ఫై దగ్గర పావు వంతు, యాభై దగ్గర ఆరో వంతు. నీటి ఒత్తిడికి చెవిపొర లోపలికి నొక్కుకుపోకుండా లోపలి నుంచి చెవుల్లోకి గాలి నెడుతూ ఉండాలి కదా, ఆ లోతులో దానికి ఛాతీ నుంచి గాలి రాదు. అందుకే ఇరవై దాటగానే బుగ్గల నిండా గాలి నింపుకుని, గొంతు మూసేసి, ఆ గాలినే పొదుపుగా వాడుకోవాలి. మౌత్‌ఫిల్ అనేది ఇదే. "క్క" అనబోయి ఆగు, నాలుక వెనకభాగం పైకి లేచి దారి మూస్తుంది చూడు, అక్కడి నుంచి నెట్టాలి. ఇది అద్దం ముందు రోజూ చెయ్యి. దిగేటప్పుడు ప్లేటు ఇంకెంత దూరమో అని కిందికి చూడకు. మెడ వెనక్కి వంగితే గొంతు బిగుస్తుంది, దాచుకున్న గాలి కాస్తా జారిపోతుంది. కళ్ళ ముందున్న తాడునే చూడు, చాలు.

ముక్కు బిగుసుకుంటే దిగకు. జలుబు మాత్ర వేసుకుని దిగుదామని అసలే అనుకోకు. దాని ప్రభావం నువ్వు నీటిలో ఉండగానే తగ్గిపోతే పైకి వచ్చేటప్పుడు చెవిలో గాలి ఇరుక్కుంటుంది. పైగా కొన్ని జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ పోటీ సమయంలో మోతాదు దాటితే వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధిత జాబితాలో ఉంది. ఇరానీ చాయ్ కూడా ఆ వారం బంద్. గుండె వేగం పెరుగుతుంది, నాకైతే గొంతులో కఫం కూడా పట్టేది. నువ్వు నవ్వుతావని తెలుసు.

దిగేముందు గబగబా ఊపిరి తీసి వదలడం ఎవరు నేర్పినా వినకు. దానివల్ల ఆక్సిజన్ పెద్దగా పెరగదు. కార్బన్ డయాక్సైడ్ తగ్గి, "ఊపిరి కావాలి" అనే హెచ్చరిక ఆలస్యమవుతుంది, అంతే. చివరి పది మీటర్లలో పీడనం సగమయ్యేసరికి మెదడుకి అందే ఆక్సిజన్ కూడా పడిపోతుంది. స్పృహ తప్పేది ఎక్కువగా అక్కడా, నీటిపైకి వచ్చాకా. సేఫ్టీ డైవర్లు పైకి వచ్చే దారిలో ఎదురొచ్చి నీతోపాటే ఎక్కేది అందుకే. గచ్చిబౌలి పూల్లో అయినా, నీ మీదే కన్నేసి ఉంచే మనిషి లేకుండా ఊపిరి బిగబట్టకు.

ఉమ్మిలో ఎరుపు కనిపించిందా, ఆ పోటీకి అక్కడితో సెలవు. 2013 నవంబరులో బహామాస్‌లోని సముద్రపు లోతు బావి లాంటి డీన్స్ బ్లూ హోల్‌లో నికొలస్ మెవోలి అనే అమెరికన్ డైవర్ ఫిన్స్ లేకుండా 72 మీటర్లకు దిగాడు. 68 దగ్గర వెనక్కి తిరగబోయి, మనసు మార్చుకుని మళ్ళీ కిందికి వెళ్ళాడు. పైకి వచ్చాడు, స్పృహ తప్పింది, బతకలేదు. ఆ పోటీలోనే అంతకు కొన్ని రోజుల ముందు అతని ఊపిరితిత్తులకు దెబ్బ తగిలింది. తిరగాలనిపిస్తే తిరుగు. మళ్ళీ ఆలోచించకు.

ఇక పైకి వచ్చాక. తాడు పట్టుకో, ఊపిరి పూర్తిగా వదిలేయకు. చప్పున పీల్చు, క్షణం ఆపు, కొంచెం వదిలి మళ్ళీ పీల్చు, ఇలా మూడుసార్లు. మొదటి ఊపిరి మెదడుదాకా చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది. తర్వాత ముఖం మీదున్నవన్నీ తీసి, జడ్జికి ఓకే సైగ చూపించి, "ఐ యామ్ ఓకే" అనాలి. ఇదంతా పదిహేను సెకన్లలో.

నా సంగతి చెప్తాను. నా మొదటి పోటీలో 40 మీటర్లు హాయిగా దిగి ట్యాగ్ తెచ్చాను. పైకి రాగానే ఆనందంలో వేళ్ళు చూపించాను, ఓకే కూడా చెప్పాను. జడ్జి నా ముఖంలోకి అలాగే చూస్తున్నాడు. ఏమిటా అనుకుంటుంటే ఎర్ర కార్డు ఎత్తాడు. ముక్కుకి క్లిప్ అలాగే ఉంది! చలికి ముక్కు మొద్దుబారి ఉందో లేదో కూడా తెలియలేదు. ట్యాగ్ చేతిలో ఉంది, మార్కులు సున్నా.

ఆ క్లిప్ చూసినప్పుడల్లా పత్తర్‌గట్టీ ముత్యాల కొట్లు గుర్తొస్తాయి. మన ఊరికి పేరు తెచ్చిన బస్రా ముత్యాల కోసం గల్ఫ్‌లో మునిగిన వాళ్ళు కూడా ముక్కుకి క్లిప్ పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని ఒక్క ఊపిరితో దిగేవాళ్ళట. వాళ్ళకి జడ్జి లేడు, కార్డు లేదు.

ఆదివారం పొద్దున ఆరింటికి గచ్చిబౌలి పూల్ దగ్గర ఉంటాను. ఈసారి లోతుతో పని లేదు. రెండు లెంగ్తులు ఈది తేలడం, పీల్చడం, తీయడం, చూపించడం, చెప్పడం. ఇరవైసార్లు. నేను వాచ్ పట్టుకుంటాను. క్లిప్ మర్చిపోకుండా తెచ్చుకో.

మీ బాబాయ్