ముందు వాళ్ళు చెప్పేది విను తల్లీ

తల్లీ,

నీ మెసేజ్ చదివాను. హెల్త్ సెంటర్లో డాక్టర్ ఉన్నారు, మందులున్నాయి, అయినా జనం రావట్లేదు, అందుకని నయమైన పేషెంట్ల చేత వాళ్ళ కథలు చెప్పిద్దామనుకుంటున్నా అన్నావు కదా, ఆలోచన మంచిదే గానీ దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. మన సెంటర్ గురించి వాళ్ళ ఇళ్ళల్లో చెప్పుకునే కథలు ఇప్పటికే ఉంటాయి, అందులో మనకి నచ్చనివే ఎక్కువుంటాయి, ముందు అవి వినాలి.

నేను నర్సుగా చేసినప్పటి సంగతి చెప్తా. టీబీ మందులు మొదలుపెట్టిన ఒకాయన వారం తిరక్కుండానే మానేశాడు, ఎన్నిసార్లు ఇంటికెళ్ళి అడిగినా "వేసుకుంటున్నానమ్మా" అనేవాడు. ఓసారి ఏడెనిమిది మందిమి కూర్చుని మాట్లాడుకుంటుంటే అసలు విషయం బయటపెట్టాడు, మాత్రలు వేసుకున్నాక మూత్రం ఎర్రగా నారింజ రంగులో వచ్చిందట, రక్తం పోతోందనుకుని హడలిపోయాడట. అది ఆ టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ అనే మందు వల్ల వచ్చే రంగు, దాంతో ప్రమాదమేం లేదు, మొదటిరోజే ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది, చెప్పాల్సింది నేనే. ఆరు నెలలు ఆపకూడదని పదిసార్లు చెప్పాను గానీ ఈ సంగతి చెప్పలేదు. అందరి ముందే "తప్పు నాదే అన్నయ్యా" అన్నాను, ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తుంది. మర్నాటి నుంచి టీబీ మందు ఇచ్చే ప్రతి ఒక్కరికీ రంగు సంగతి ముందే చెప్పేవాళ్ళం, కళ్ళు పచ్చబడితే మాత్రం వెంటనే రమ్మని కూడా చెప్పేవాళ్ళం. ఆయన మళ్ళీ మొదలుపెట్టి కోర్సు పూర్తి చేశాడు, కొత్తగా మందులు మొదలుపెట్టేవాళ్ళకి ఆయనే కూర్చుని తన కథ చెప్పేవాడు, నేను చెప్తే తలూపి వెళ్ళిపోయేవాళ్ళు కూడా ఆయన్ని మాత్రం గుచ్చి గుచ్చి అడిగేవాళ్ళు.

అందుకే నువ్వు సెంటర్లో మీటింగ్ పెట్టకు, వాళ్ళు మామూలుగా కూర్చునే చోటికే వెళ్ళు, ఎనిమిది పది మంది చాలు. డాక్టర్ గారు వస్తే మంచిదే కానీ మొదటి రెండుసార్లు జవాబులు చెప్పకుండా వినమని బతిమాలు, ఇది చాలా కష్టం, డాక్టర్లకి మరీ కష్టం. "ఎందుకు రావట్లేదు" అని మాత్రం అడక్కు, నిలదీసినట్టుంటుంది. "ఆఖరిసారి మీ ఇంట్లో ఒకరికి బాగోలేనప్పుడు ఏం జరిగింది, మొదట్నుంచి చెప్పండి" అని అడిగి ఊరుకో. ఎవరైనా టీకా వేయించాక బిడ్డకి జ్వరమొచ్చింది ఇంక వేయించను అంటే కోప్పడకు, అబ్బే ఏం రాదు అని కొట్టిపారేయకు, కొన్ని టీకాలకి ఒకట్రెండు రోజులు జ్వరం రావడం నిజమే కదా, నిజమేనమ్మా వస్తుంది అని ముందు ఒప్పుకుని, అప్పుడు ఎందుకొస్తుందో, ఎప్పుడు మన దగ్గరికి తీసుకురావాలో చెప్పు.

ఇంకోటి, కథ ఎవరిదో వాళ్ళ పర్మిషన్ లేకుండా ఎక్కడా చెప్పకు, ఒకసారి సరే అన్నారు కదా అని ఊరుకోకుండా చెప్పే ప్రతిసారీ మళ్ళీ అడుగు. పేరు మారిస్తే చాలనుకుంటాం గానీ ఇంట్లో ఎంతమందో ఏం పని చేస్తారో చెప్తే చుట్టుపక్కలవాళ్ళు ఇట్టే కనిపెట్టేస్తారు, హెచ్‌ఐవీ లాంటి వాటిల్లో అయితే వాళ్ళ బతుకే తలకిందులవుతుంది. భయపెట్టడానికి చావుల కథలు అస్సలు వాడకు.

పైవాళ్ళు టైమ్ వేస్ట్ అంటే ఇవి చెప్పు. అమెరికాలో బర్మింగ్‌హామ్‌లో 299 మంది బీపీ పేషెంట్లతో చేసిన స్టడీ 2011లో వచ్చింది, తమలాంటి పేషెంట్లే సొంత కథలు చెప్పిన వీడియోలు చూసినవాళ్ళలో, బీపీ కంట్రోల్లో లేనివాళ్ళకి మూడు నెలల్లో పైనంబరు మిగతావాళ్ళకంటే దాదాపు 11 పాయింట్లు ఎక్కువ తగ్గింది. నేపాల్ మక్వాన్‌పూర్‌లో ఆడవాళ్ళు నెలనెలా కూర్చుని కాన్పు కష్టాలు మాట్లాడుకుని, ఏం చేయాలో వాళ్ళే తేల్చుకున్నారు, 2004లో వచ్చిన లెక్కల్లో అలాంటి గ్రూపులున్న చోట పుట్టిన నెలలోపు చనిపోయే పిల్లలు వెయ్యికి 26 మంది అయితే గ్రూపులు లేని చోట 37 మంది. అయితే అది నెలనెలా ఓపిగ్గా కూర్చుంటే వచ్చింది, ఒక్క మీటింగ్‌తో కాదు.

ఒక నోట్‌బుక్ పెట్టుకో, వాళ్ళన్నది ఒకవైపు, దానికి మనం ఏం మార్చామో ఇంకోవైపు రాయి, తర్వాతిసారి కూర్చోగానే ముందు అదే చదివి వినిపించు, ఖాళీగా ఉన్న గడులతో సహా. మొదటి మీటింగ్ అవ్వగానే ఆ పేజీ దగ్గర పెట్టుకుని నాకు ఫోన్ చెయ్యి, ఇద్దరం చూద్దాం.

ఉంటాను,
నీ పెద్దమ్మ