మోర్మన్ చరిత్ర కోసం లైబ్రరీ ముందు ఏం సేకరించాలి?

పరిశోధన లైబ్రరీ మోర్మన్ల (19వ శతాబ్దంలో అమెరికాలో పుట్టిన మతశాఖ వాళ్లు) చరిత్ర సేకరణ మొదలుపెడితే ముందు ఏం కొనాలన్నది ప్రశ్న. అందరి చూపూ 1830లో న్యూయార్క్ రాష్ట్రంలోని పాల్‌మైరాలో అచ్చయిన వాళ్ల పవిత్ర గ్రంథం ‘బుక్ ఆఫ్ మోర్మన్’ తొలి ముద్రణ మీదికే పోతుంది. నన్నడిగితే దాని జోలికి పోవద్దు. వేసినవి 5,000 ప్రతులే కాబట్టి ధర మండిపోతుంది, పాఠమేమో ఆన్‌లైన్‌లో ఉచితం. ఇంకెక్కడా ప్రతి లేని కాగితాలు వెతకండి: పడమటి అమెరికాలోని యూటాకు బళ్లలో వలస వెళ్లిన మోర్మన్ల డైరీలు, బహుభార్యత్వం సాగిన రోజుల్లో సవతుల మధ్య బతికిన ఆడవాళ్ల ఉత్తరాలు. 1940లలో కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ లైబ్రరీ చరిత్రకారిణి జువానిటా బ్రూక్స్ సాయంతో చేసింది ఇలాంటి పనే. చర్చిని తిట్టిపోసిన కరపత్రాలూ, చీలిపోయిన శాఖల పత్రికలూ వదలొద్దు. 1844లో మోర్మన్ల ఊరు నావూలో చర్చి స్థాపకుడు జోసెఫ్ స్మిత్‌ను విమర్శించి, ఒక్క సంచికతో ఆగిపోయిన ‘ఎక్స్‌పోజిటర్’ పత్రిక చదవకుండా ఆయన హత్య అర్థం కాదు. దానికి మైక్రోఫిల్మ్ అయినా చాలు. డేనిష్, వెల్ష్ మిషనరీ పత్రికలు మాత్రం, ఆ భాషలు చదివే సిబ్బంది ఉంటేనే.