పాస్టరుగారు తప్పు చేశారని తేలింది, ఇప్పుడు మేమేం చేయాలి?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా, గుత్తి దగ్గర పల్లె. చాలా ఏళ్లుగా ఒకే స్వతంత్ర సంఘానికి వెళ్తున్నాం. ప్రార్థన కోసం వచ్చే ఒక అక్కతో (భర్త చనిపోయాడు) మా పాస్టరుగారికి సంబంధం ఉందని ఈమధ్య బయటపడింది. ఇద్దరు పెద్దల ముందు ఆయన ఒప్పుకున్నారట. మందిరం స్లాబు చందాలకు లెక్కల్లేవని కూడా అంటున్నారు. శెనక్కాయలు అమ్మిన డబ్బులో యాభై వేలు ఇచ్చిన మా ఆయన ‘అందరూ దొంగలే’ అని చర్చి గడప తొక్కడం లేదు. మా అత్తేమో ‘దైవజనుణ్ణి అనకూడదు, శాపం తగుల్తుంది’ అంటుంది. ఇంటర్ చదివే మా అబ్బాయి ప్రార్థన మానేశాడు. ‘ఆయనిచ్చిన బాప్తిస్మం చెల్లుతుందా’ అని అడుగుతున్నాడు. వాక్యం క్షమించమంటోంది కదా. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: అమ్మా, క్షమించమని వాక్యం చెప్పిన మాట నిజమే. క్షమించినవాణ్ణి వెంటనే ప్రసంగానికి నిలబెట్టమని మాత్రం ఎక్కడా చెప్పలేదు. ఈ రెండూ కలిపేయడం వల్లే చాలా సంఘాలు దెబ్బతింటున్నాయి. మారుమనస్సు పొందిన ఏ పాపికైనా సంఘంలో చోటుంటుంది. కాపరి పనికి మాత్రం 1 తిమోతి 3లో వేరే అర్హతలున్నాయి: నిందారహితుడై ఉండాలి, ధనాపేక్ష ఉండకూడదు, సంఘం బయటివాళ్ల దగ్గర కూడా మంచి సాక్ష్యం ఉండాలి. ఈరోజు మీ ఊరి టీకొట్టు దగ్గర ఆయన గురించి ఏమంటున్నారో మీకు తెలుసు. ‘యేసును ఎరగనని పేతురు బొంకలేదా, ప్రభువు మళ్లీ పని అప్పగించలేదా’ అని ఎవరో ఒకరు అంటారు. పేతురు భయపడి బొంకాడు, బయటికెళ్లి ఏడ్చాడు. కాపాడమని అప్పగించిన గొర్రెనే వాడుకోలేదు.

మీ అత్తగారి భయం 105వ కీర్తనలోంచి వచ్చింది. ‘నేను అభిషేకించినవారిని ముట్టకూడదు’ అనే ఆ మాట దేశం నుంచి దేశానికి తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులకు కీడు చేయొద్దని దేవుడు రాజులకు చేసిన హెచ్చరిక. కాపరిని లెక్క అడగొద్దని దానికి అర్థం లేదు. దావీదు తనను తరుముతున్న సౌలు రాజును చంపలేదు కానీ, గుహలోంచి బయటికొచ్చి, కోసిన అంగీ చెంగు చూపించి నిలదీశాడు. అదే దావీదు తప్పు చేసినప్పుడు నాతాను ప్రవక్త ముఖం మీదే చెప్పాడు. ఇవన్నీ పెట్టి అత్తగారితో వాదించాల్సిన పనిలేదు. ఆమెను పాస్టరుగారి కోసం ప్రార్థించుకోనివ్వండి. 1 తిమోతి 5లో 19, 20 వచనాలు మాత్రం మీ అబ్బాయి చేత ఆమెకు చదివించండి. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్ద మీద నింద తీసుకోవద్దు, తప్పు తేలితే అందరి ముందూ గద్దించండి. రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి.

అన్నిటికంటే ముందు ఆ అక్క గురించి ఆలోచించండి. మీ ఉత్తరంలో ఆమె ప్రస్తావన ఒక్క వాక్యంతో అయిపోయింది. ఊళ్లో మాత్రం ఈపాటికి నిందంతా ఆమె మీద వేసి ఉంటారు. భర్త పోయిన దుఃఖంలో ప్రార్థనకు వచ్చిన మనిషి ఆమె. ఇంటి గుట్టంతా ఆయనకు చెప్పుకుని ఉంటుంది. ఆమె తప్పుంటే ఉండొచ్చు, కానీ ఇద్దరి బాధ్యతా సమానం కాదు. ఆమెను సంఘం ముందు నిలబెట్టి క్షమాపణ అడిగించడం ఘోరం, మీ పెద్దల్ని అలా చేయనివ్వకండి. స్త్రీల సమాజం నుంచి నోరు జారని ఇద్దరు ఈ వారమే వాళ్లింటికి వెళ్లాలి. ‘ఎట్లా జరిగింది’ అని గుచ్చి అడగొద్దు. ‘తిన్నావా, పిల్లలు బడికి పోతున్నారా, నీకేం కావాలి’ అంటే చాలు. బలవంతం గానీ బెదిరింపు గానీ జరిగిందని ఆమె చెబితే ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. ఇస్తానంటే ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ (ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే కేసు) తీసుకోవాల్సిందే. మహిళల హెల్ప్‌లైన్ 181. ఆడవాళ్లకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, దాని నంబరు 15100. వాట్సాప్‌లో తిరిగే ఫొటో గానీ వాయిస్ గానీ ఎవరికీ పంపకండి. లైంగిక నేరంలో బాధితురాలి పేరు బయటపెట్టడం దానికదే నేరం.

ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోండి. పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయి గానీ అబ్బాయి గానీ ఇందులో ఉన్నట్టు తెలిస్తే సంఘంలో పంచాయితీ పెట్టకూడదు. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకుండా దాస్తే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. 1098కి ఫోన్ చేయండి.

ఇక విచారణ సంగతి. ఇద్దరు పెద్దలు గదిలో విని తలుపేసుకుంటే సరిపోదు. చెన్నైలో పుట్టి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న ప్రసంగీకుడు రవి జకరయాస్ మీద 2017లో ఒకామె నోరు విప్పితే, ఆయన సంస్థ ఆయన మాటే నమ్మింది. ఆయన 2020లో చనిపోయారు. ఆ తర్వాత ఆ సంస్థే లాయర్లను పెట్టి చేయించిన విచారణ నివేదిక 2021 ఫిబ్రవరిలో వచ్చింది. ఎందరో ఆడవాళ్ల విషయంలో ఆయన తప్పుగా ప్రవర్తించారని అందులో తేలింది. దగ్గరివాళ్లు విచారిస్తే ఇలాగే అవుతుంది. కమిటీలో కనీసం ముగ్గురుండాలి, వాళ్లలో ఒక స్త్రీ, ఒకరు బయటి సంఘం మనిషి. పాస్టరుగారి చుట్టాలెవరూ వద్దు. నెల రోజులు గడువు పెట్టుకుని, మాటలన్నీ రాతలో తీసుకుని సంతకాలు పెట్టించాలి. అంతవరకు ఆయన ప్రసంగించకూడదు, ప్రభు బల్ల ఇవ్వకూడదు, ఇళ్లకు ప్రార్థనకు వెళ్లకూడదు. సంఘానికి ఒక పేజీ ప్రకటన చదివి వినిపించాలి: విషయం ఏమిటి, ఎవరు విచారిస్తున్నారు, ఎప్పుడు చెబుతారు. ఆ అక్క పేరు అందులో ఉండకూడదు. ఇవేవీ చేయకుండా ఆదివారం మైకులో ఏడ్చి క్షమాపణ చెబితే అందరూ ‘ఆమేన్’ అనడం, రెండు వారాలకు మళ్లీ ఆయనే ప్రసంగించడం చాలాచోట్ల జరిగే పొరపాటు. మీలాంటి స్వతంత్ర సంఘానికి పైన ఎవరూ ఉండరు కాబట్టి ఈ బరువంతా పెద్దల మీదే పడుతుంది. సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) అయితే బిషప్‌గారికి రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. కథోలిక సంఘంలోనైతే పోప్ ఫ్రాన్సిస్ 2019 ఆదేశం ప్రకారం ప్రతి మేత్రాసనంలో (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతంలో) ఫిర్యాదు తీసుకునే ఏర్పాటు ఉండాలి.

డబ్బు లెక్కల పని మీ ఆయనకు అప్పగించండి. ఆయన కోపం న్యాయమైనదే, దానికొక పని కావాలి. మందిరం గోడకు అంటించిన ఫోన్‌పే స్కానర్‌ను స్కాన్ చేస్తే ఎవరి పేరు వస్తుందో మొదట చూడమనండి. పాస్టరుగారి సొంత పేరు వస్తే సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. తర్వాత బ్యాంకు పాస్‌బుక్, రసీదు పుస్తకాల నకళ్లు, సిమెంటు, కమ్మీ బిల్లులు పక్కన పెట్టుకుని సరిచూడాలి. స్థలం సంఘం పేరు మీదుందా, మనిషి పేరు మీదుందా అన్నది సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీస్తే తెలుస్తుంది. సొసైటీగా రిజిస్టరై ఉంటే బైలా (సంఘం నియమాల పత్రం) నకలు జిల్లా రిజిస్ట్రారు దగ్గర దొరుకుతుంది. లెక్కలు తేలేదాకా మీ దశమభాగం (రాబడిలో పదో వంతు కానుక) విడిగా దాచండి, లేదా ఆ అక్కలాంటి వాళ్లకు నేరుగా ఇవ్వండి.

పాస్టరమ్మనూ పిల్లల్నీ మరవకండి. మందిరం వెనక గదిలోంచి రాత్రికి రాత్రే సామాను బయట పెట్టించడం సీమలో చూస్తూనే ఉన్నాం. వాళ్లేం చేశారు? రెండు మూడు నెలల అద్దె, బియ్యం ఆమె చేతికే ఇవ్వాలి.

బాప్తిస్మం చెల్లుతుంది. నాలుగో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికా సంఘాల్లో సరిగ్గా ఇదే తగవు వచ్చింది. ఇచ్చేవాడి యోగ్యతను బట్టి కాదు, క్రీస్తును బట్టే అది చెల్లుతుందని అక్కడి బిషప్ అగస్టీను వాదించాడు, సంఘం ఆ మాటే నిలబెట్టుకుంది. అబ్బాయి అసలు బాధ మాత్రం బాప్తిస్మం గురించి కాదనిపిస్తోంది. నమ్మిన మనిషి మోసం చేశాడు. ప్రార్థనకు బలవంతపెట్టకండి, ‘వాక్యాన్ని చూడు, మనుషుల్ని కాదు’ అని నోరు మూయించకండి. 55వ కీర్తన ఒకసారి ఇద్దరూ కలిసి చదవండి. తనతో కలిసి దేవుని మందిరానికి నడిచిన స్నేహితుడే ద్రోహం చేశాడని దావీదు అక్కడ మొరపెట్టుకుంటాడు. కోపంతో కూడా దేవుడి దగ్గరికి పోవచ్చని వాడికి అర్థమవుతుంది.

వెంటనే సంఘం మారకండి, పక్క వీధిలో కొత్త రేకుల షెడ్డు వేసి సగం మందిని తీసుకుపోయే వాళ్లతోనూ చేరకండి. ఆ చీలికలు చివరికి కులం గీతల మీదే ఆగుతాయి. రెండు మూడు నెలలు వేచి చూడండి. అప్పటికీ పెద్దలు విచారణకు ఒప్పుకోకపోతే, బైలాలో ఉన్నన్ని సంతకాలతో సర్వసభ్య సమావేశం అడగండి. అదీ జరగనివ్వకపోతే ఎందుకు వెళ్తున్నారో ఒక పేజీ రాసి, కుటుంబమంతా సంతకాలు పెట్టి, పెద్దల చేతికి ఇచ్చి బయటికి రండి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.